పెత్రమాసకు పూసిన గోడ

ఈ సంగతి రాసి పెట్టకపోతే మా ఊళ్లో చివరికి మిగిలేది అబద్ధమే. అందుకే రాస్తున్నాను. ఏళ్ల తరబడి ఇది నా మీద తడిసిన బస్తాలా ఉంది. దించే చోటు దొరకలేదు. దొరకలేదా, నేనే వెతకలేదా? నా పేరు మాత్రం రాయను. పేరు కాపాడుకోవాలన్న ఆశతోనే ఈ తప్పు మొదలైందని తెలుసు. తెలిసి కూడా రాయలేకపోతున్నాను. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. మా నాయన కల్లు కోసం తాటిచెట్లు గీసేవాడు. నేను సిరిసిల్లకు పోయి కరెంటు మగ్గాల మీద పనికి కుదిరాను. పని లేని పూట లైబ్రరీలో కూర్చునేవాణ్ణి. పేపర్లు, చరిత్ర, చట్టాల పుస్తకాలు, ఏది దొరికితే అది. చదివినదంతా నా సొంతం అనిపించేది. ఊరికి వచ్చినప్పుడు పింఛన్ ఎందుకు ఆగిందో, రేషన్ కార్డులో పేరు ఎట్లా ఎక్కించాలో నన్నే అడిగేవారు. తెలిసినవి చెప్పేవాణ్ణి. తెలియనివీ చెప్పేవాణ్ణి. తెలియదు అని చెప్పడం మాత్రం అన్ని పుస్తకాలు చదివినా నాకు అబ్బలేదు.

మా ఊరు చందుర్తి వైపు. ఆ ఏడు వానలకు వాగు పొంగి కింది వాడలోకి వచ్చింది. అక్కడ రాజవ్వ ఇల్లు ఉండేది. ఆమె బీడీలు చేసుకుని బతుకుతుంది. నాకు వరసకు అక్క. భర్త చనిపోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నీళ్లు తగ్గేసరికి వెనక గోడ, పక్క గోడలు కూలి, పెంకులు జారి కుప్పపడి ఉన్నాయి. ముందు గోడ ఒక్కటి, పగులు పడి, నిలిచింది.

సర్కారు సార్లు వచ్చి ఇల్లిల్లూ చూసి నష్టం రాసుకుంటారని కబురు వచ్చింది. పూర్తిగా కూలిన ఇంటికి ఒక తీరు సాయం, కొంత కూలిన ఇంటికి ఒక తీరు. పూర్తిగా పోయినవాళ్లకు తర్వాత కొత్త ఇల్లు కూడా వస్తుందన్నారు. జనం ఎదురుచూశారు. ఎవరూ రాలేదు. పెత్రమాస దగ్గరపడింది.

పెత్రమాస అంటే మా దగ్గర పోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చే అమావాస్య. ఆ రోజుకు ఇల్లు అలికి, గోడలకు మన్ను పూసి, ఎర్ర జాజు, తెల్ల సున్నం పట్టీలు వేయాలి. పాడుబడ్డ గోడ చూసి పెద్దలు గడప దాకా వచ్చి తిరిగిపోతారని నమ్మకం. రాజవ్వకు అది భర్త పోయాక మొదటి పెత్రమాస. ఆమె నా దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, గోడకు మన్ను పూసుకోవచ్చునా? సార్లు అచ్చి చూస్తరంటున్రు. గట్లనే ఉంచాల్నా?"

"మన ఇండ్ల ఫోటోలు ఎప్పుడో పై ఆఫీసుకు పోయినయక్కా. మల్ల ఎవ్వలు రారు. పూసుకో."

"నిజమేనా?"

"రూలే గట్లుంది."

ఆమె నవ్వింది. "గా లైబ్రరీల కూసోని కూసోని నీకు సార్ల లెక్కనే మాటలచ్చినయ్. సరే, నీ మాట మీద పూస్తున్న మరి."

అట్లాంటి రూలు నేనెక్కడా చదవలేదు. ఇంకెక్కడి వరదల గురించో పేపర్లో ఒక ముక్క చదివాను, ఫోటోలు చూసి నష్టం రాసుకున్నారని. దాన్నే మా ఊరికి రూలు చేశాను. ఆ క్షణంలో నాకది అబద్ధమని కూడా తోచలేదు. తోచి ఉంటే ఆగేవాణ్ణా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆమె పగుళ్లు పూడ్చి, ఎర్రమన్ను పూసింది. కూలిన మట్టినే పిసికి ఒక పక్క గోడను నడుము ఎత్తు లేపి, పైన చీరె కట్టి, ఆ చాటున వండి, భర్త పేరు మీద బియ్యం ఇచ్చింది. పండుగ వెళ్లిన మర్నాడే నష్టం రాసుకునే సారు వచ్చాడు.

ఊళ్లో ఇండ్లు చూపించింది నేనే. నేను అడక్కుండానే పద్ధతులు చెబుతుంటే ఆయన నవ్వి, "మీ ఊర్లె ఒక్కనికన్న రూల్స్ తెల్సు" అన్నాడు. అందరూ విన్నారు. ఆ మాటకు నా నడకే మారింది. అట్లా రాజవ్వ ఇంటి ముందుకు వచ్చాం. ఎర్రటి గోడ, తెల్లటి పట్టీలు.

"ఇల్లు మంచిగనే ఉంది గదమ్మా," అన్నాడు సారు.

ఆమె ఆయన్ను వెనక్కి తీసుకుపోయింది. ఆమె కొత్తగా లేపిన గోడను ఆయన చూసి, "చూడకముందే ఎందుకు ఎత్తినవ్?" అని అడిగాడు.

"తమ్ముడు చెప్పిండు సార్. సార్లు రారు, పూసుకొమ్మన్నడు."

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పినవా?"

వాడంతా అక్కడే ఉంది. ఒక్క మాట, అవును సార్ అంటే అయిపోయేది. ఆయన మంచివాడే, విని ఇంకోలా రాసుకునేవాడేమో. నేనన్నాను: "లేదు సార్. ఆగుమనే చెప్పిన. ఆమె ఇనలె."

రాజవ్వ నా మొహంలోకి చూసింది. ఎవరో వెనక నుంచి, "సదువుకున్నోడు చెప్తె ఇనాలె గదా" అన్నారు. ఆమె కొంగు సర్దుకుని లోపలికి పోయింది.

ముందు గోడ నిలిచి, పక్క గోడ లేచి కనబడుతుంటే, కొంత కూలిన ఇల్లు కిందనే రాశారు. కొత్త ఇండ్లు వచ్చినప్పుడు ఆమెకు రాలేదు. మరుసటి వానలకు ఆ ముందు గోడ కూడా పడిపోయింది. ఇప్పుడు ఆమె కోరుట్లలో చెల్లెలింటి వెనక రేకుల కింద ఉంటూ బీడీలు చేస్తోంది.

నాకు కోపం వస్తుంది. ఇల్లు కూలిన మనిషి, ఎవరో వచ్చి చూసేదాకా దాన్ని కూలినట్టే కాపాడుకోవాలా? రాళ్లు ఏరుకోకూడదు, చాటు కట్టుకోకూడదు, వాన పడితే తడవాలి. సాయం కావాలంటే కష్టం పచ్చిగా కనబడాలి. తన చేతులతో కాస్త నిలబెట్టుకున్నవాడికే తక్కువ. ఇది ఏ న్యాయం? ఈ మాట ఎన్ని చోట్ల మాట్లాడానో. జనం తలలూపేవారు. కోపం నిజమే. కాని ఆ కోపం చాటున ఎంతకాలం దాక్కున్నానో నాకే తెలుసు. ఆ పద్ధతి ఎంత చెడ్డదైనా, ఆ రోజు నోరు తెరిచింది పద్ధతి కాదు, నేను.

ఇంతవరకే అయితే ఇంకా మోసేవాణ్ణేమో. మొన్న రాజవ్వ వాళ్ల పక్కింటామెను వెంటబెట్టుకుని సిరిసిల్ల వచ్చింది. ఆ పక్కింటామెకు బీడీలు చేసేవాళ్లకిచ్చే పింఛన్ ఆగిపోయిందట. నా ముందు కూర్చోబెట్టి ఆమెతో అంటుంది: "తమ్ముడు ఎట్ల చెప్తె గట్ల చెయ్యి. నేను ఇనకనే ఇల్లు పోగొట్టుకున్న."

వెక్కిరిస్తోందేమోనని ఆమె కళ్లలోకి చూశాను. లేదు. నిజంగానే అంటోంది. ఊరంతా అదే మాట అనగా అనగా, ఆమె కూడా నమ్మేసింది. తన చెవులతో విన్నదాన్ని పక్కనబెట్టి, నేను సారుతో అన్నదాన్ని జ్ఞాపకం చేసుకుంది. ఇల్లు ఒకటే కాదు, ఆమెకు తన జ్ఞాపకం కూడా లేకుండా చేశాను. "అక్కా, ఆ రోజు..." అని మొదలుపెట్టాను. "పోనియ్ తమ్మీ," అంది. "ఆయన పేరు మీద బియ్యం ఇయ్యాల్నని నేనే తొందరవడ్డ." నేను ఆగిపోయాను. ఆగినందుకు హాయిగా కూడా అనిపించింది. ఆ హాయిని తలచుకుంటే ఇప్పుడు అన్నం సహించడం లేదు.

నేను చేయాల్సినవి చేసినవాళ్లున్నారు. గోడ పడిన రోజు తన పొలం టార్పాలిన్ తెచ్చి కప్పిన సత్తయ్యకు కృతజ్ఞతలు. పిలవకుండానే వచ్చి అక్కను కోరుట్లకు తీసుకుపోయిన చెల్లెలు సుగుణకు, సామాన్లు ఆటోలో వేసుకుపోయి కిరాయి మాటెత్తని అంజయ్యకు, ఏం రాస్తున్నావని అడక్కుండా నాకు కిటికీ పక్క బల్ల ఇచ్చిన లైబ్రరీ నర్సయ్య సారుకు కూడా. ఇందులో రాజవ్వ పేరు కలపలేను. ఆమెకు నేను చెప్పాల్సింది కృతజ్ఞతలు కాదు. కోరుట్ల పోయి ఆమె ముందు నోరు తెరవగలనో లేదో మాట ఇవ్వను, నా మాట మీద నాకే నమ్మకం లేదు. మీకు చెబుతున్నాను. చెబుతుంటే ఇన్నాళ్లకు ఊపిరి కొంచెం ఆడుతోంది.

రాజవ్వ నా మాట విన్నది. విన్నందుకే ఇల్లు పోయింది.