చేపలక్క కాళ్ళు చేపలపాలు

మార్కెట్లో చేపలు కోసే ఆవిడని అందరూ చేపలక్క అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో. పొద్దున కత్తిపీట ముందు కూర్చుంటే సాయంత్రం దాకా పొలుసులు గీకడం, పేగులు తియ్యడం, బేరాలాడేవాళ్ళ నోళ్ళు మూయించడం. తడి నేల మీదే బతుకు గడిచి ఆవిడ మడమలు ఎండిన చెరువులా నెర్రెలు విచ్చాయి.

కోడలు మాత్రం మహారాణి. చేపల వాసన తగిలితే చాలు, ముక్కు మీదికి చెయ్యి పోతుంది. "కొట్లో మాత్రం కూర్చోను అత్తయ్యా" అని కాపురానికొచ్చిన కొత్తలోనే తేల్చేసింది. తేల్చేసి ఎక్కడ చేరిందయ్యా అంటే, కాళ్ళకి పట్టిన మొద్దు చర్మం చేపలచేత కొరికించే పార్లర్లో! దేవుడికీ అప్పుడప్పుడూ సరదా పుడుతుంది.

పార్లరు తెరిచారే గానీ, అద్దంలోంచి తొంగిచూసేవాళ్ళు తప్ప తొట్టిలో కాలు పెట్టే నాథుడు లేడు. "రేపు తొట్టి చుట్టూ మనుషులు కనపడాలి. లేకపోతే నువ్వూ కనపడక్కర్లేదు" అంది యజమానురాలు కోడలితో. ఎంత మర్యాదస్తురాలో!

"అత్తయ్యా, రేపొక్కసారి వచ్చి కూర్చోరూ?" అని ఇంటికొచ్చి బతిమాలింది కోడలు.

"ఇన్నేళ్ళూ వాటిని నేను కోశాను. ఇప్పుడు నా కాళ్ళు వాటి నోట్లో పెట్టమంటావా? పగ తీర్చుకోవూ?"

అలా అందే గానీ, చేపలక్క మనసులో వేరే ఎత్తు ఉంది. ఈ కొలువు ఊడితే పిల్ల చచ్చినట్టు కొట్లో కూర్చుంటుంది. ఆ ముచ్చట కళ్ళారా చూద్దామనే మర్నాడు పార్లరుకి బయల్దేరింది.

అప్పటికే ఒక డాక్టరుగారి భార్య తొట్టిలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. తమలపాకుల్లాంటి పాదాలు. చిటికెన వేలంత చేపలు వాటిని మొహమాటానికి ముద్దు పెట్టుకుంటున్నాయి. కోడలు అత్తగారి కాళ్ళు సబ్బుతో రుద్ది రుద్ది కడిగింది. చేపలక్క ఇలా తొట్టిలో పెట్టిందో లేదో, చేపలన్నీ కరువులో అన్నం చూసినట్టు ఆవిడ మడమల మీదికి ఎగబడ్డాయి.

"ఇదేమిటమ్మాయ్! డబ్బులు నావి, మేత ఆవిడ కాళ్ళ మీదా? నా దగ్గర ఒక్కటీ లేదు!" అంది డాక్టరుగారి భార్య.

"మీ కాళ్ళలో తినడానికేముందమ్మా? అద్దం నాకి బతకమంటారా పాపం?" అంది చేపలక్క.

డాక్టరుగారి భార్య విసురుగా లేచి సంచీ అందుకుంది. లోపల్నుంచి యజమానురాలు వచ్చి కోడలి వంక చూసింది. ఆ చూపు చేపలక్కకి బాగా తెలుసు. కళ్ళు పీక్కుపోయిన చేపని పక్కన పారేసేముందు తను చూసే చూపే అది.

ఎత్తు పారింది. వేలైనా కదపక్కర్లేదు. కానీ, ఎప్పుడూ ముక్కు మూసుకునే పిల్ల ఇప్పుడు తువ్వాలు పిండుకుంటూ కళ్ళు మూసుకుంది. చేపలక్కకి ఒళ్ళు మండింది. తన కోడల్ని అలా చూసే హక్కు తనకుంది గానీ, ఈ పెద్దమనిషికెవరిచ్చారు?

టక్కున కాళ్ళు పైకి తీసేసింది. "కూర్చోండమ్మా, నాకు కితకితలు. మీ చుట్టాలు మీ దగ్గరికే వస్తారు."

ఒక మొండి చేప మాత్రం మడమ పగులు వదల్లేదు. చేపలక్క దాన్ని వేళ్ళతో తీసింది. తీసిన చెయ్యి ఊరుకుంటుందా? అలవాటు చొప్పున గోటితో మొప్ప ఎత్తి చూసింది. "ఎర్రగానే ఉంది. తాజా సరుకే."

"అత్తయ్యా! అది అమ్మకానికి కాదు, నీళ్ళలో వదిలెయ్యండి!" అని కెవ్వుమంది కోడలు.

డాక్టరుగారి భార్య పడీపడీ నవ్వి, నవ్వుతూనే మళ్ళీ కూర్చుంది. వేరే దిక్కులేని చేపలు ఆవిడ పాదాలే పట్టుకున్నాయి. ఆ కేకలకీ నవ్వులకీ అద్దం అవతలివాళ్ళు ఒక్కొక్కరే లోపలికొచ్చి చెప్పులు విప్పారు. యజమానురాలు నవ్వాలో కసరాలో తెలియక, "నిలబడ్డావేం? ఇంకో నాలుగు తువ్వాళ్ళు తే" అంది కోడలితో.

సాయంత్రం కోడలు కొట్టుకొచ్చింది, ముక్కు మీద చెయ్యితోనే. "అత్తయ్యా, మేడం రేపు కూడా రమ్మన్నారు. కాకపోతే చేతులు కట్టుకుని కూర్చోవాలట."

"నువ్విక్కడ ముక్కు వదిలి కూర్చో. నేనక్కడ చేతులు కట్టుకుని కూర్చుంటా."

కోడలు ముక్కు వదల్లేదు. రెండో చేత్తో పీట లాక్కుని కూర్చుంది.