అమెరికా గుడ్డు

షెఫీల్డ్‌లో ఉక్కు కార్మికుల వీధిలో ఉండే ఎడ్నా చేతికి, యుద్ధంలో అమెరికా నుంచి డబ్బాల్లో వచ్చే గుడ్డుపొడి అలవాటై నాలుగేళ్లయింది. చెంచాడు పొడి, రెండు చెంచాల నీళ్లు, ఫోర్కుతో గిలక్కొట్టడం. ఆమె చూడక్కర్లేదు, చెయ్యే చేసుకుపోతుంది. వండుతూ ఆమె తిడుతుంది, తింటూ మొగుడు విల్ఫ్ తిడతాడు: "అట్టముక్కలా ఉందే!" యుద్ధం ముగిసిన ఆ చలికాలం కొట్లో డబ్బాలు కనబడడం మానేశాయి. "గెలిచాంగా, అమెరికావాళ్లు సాయం ఆపేశారమ్మా," అన్నాడు కొట్టాయన. "గెలిచినందుకా మాకీ శిక్ష?" అంది ఎడ్నా. వెనక క్యూలో ఆడవాళ్లు నవ్వారు గాని, ఎవరి సంచీలోనూ ఏమీ పడలేదు. అసలు గుడ్డు రేషన్‌లో వారానికొకటి దొరికితే గొప్ప. తిట్టుకున్న పొడికే ఇప్పుడు వీధంతా ముఖం వాచిపోయింది.

ఓ పొద్దున పక్కింటి పెర్ల్ తన కోడి పెట్టిన గుడ్డొకటి తెచ్చిచ్చింది. "కొలిమి దగ్గర మాడి వస్తాడు, మీ ఆయనకు పెట్టవే." ఎడ్నా దాన్ని చెంపకు ఆనించుకుంది, ఇంకా వెచ్చగా ఉంది. గిన్నె అంచున కొడితే పచ్చసొన నిండుగా జారింది. ఆమె మురుస్తూ చూస్తూనే ఉంది, చెయ్యి మాత్రం ఆగలేదు: రెండు చెంచాల నీళ్లు పోసి గిలక్కొట్టేసింది. పెనం మీద అది పలచగా పాకి, అట్టలా ముడుచుకుంది.

విల్ఫ్ ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ముఖం వెలిగిపోయింది. "దొంగముఖమా! ఒక డబ్బా దాచావన్నమాట!"

"ఆఖరిది," అంది ఎడ్నా, ఏప్రన్ జేబులో గుడ్డుపెంకును పొడిపొడిగా నలుపుతూ.