లాక్లన్ వంతు సీసా

కెర్నిక్ డిస్టిలరీలో ముప్పై నాలుగేళ్ళు బట్టీ కాచిన ఫార్కర్ గెడ్డెస్‌కి ఊళ్ళో ఒక పేరుండేది, అన్న మాట తప్పడని. మంచి పేరే. కాకపోతే దాన్ని నిలబెట్టుకోవడానికి మనిషి ఎంతకు దిగజారగలడో కూడా అతన్ని చూసే తెలుసుకున్నాం.

కెర్నిక్ విస్కీ సీసా మీద ఇప్పటికీ డిస్టిలరీ పెట్టిన ఇన్నెస్ దొర సంతకమే ఉంటుంది. ఆ దొర మనవలు డిస్టిలరీ అమ్ముకుని పోయి యాభై ఏళ్ళు దాటింది. ముందు కెనడా వాళ్ళు కొన్నారు, తర్వాత లండన్ వాళ్ళు, మూడేళ్ళ కిందట పారిస్ కంపెనీ. "మన విస్కీకి ముగ్గురు మొగుళ్ళు మారారురా, పుట్టింటి పేరు మాత్రం వదల్లేదు" అని పబ్‌లో లాక్లన్ నవ్వించేవాడు. పీపాల గిడ్డంగిలో పనిచేసి రిటైరైన లాక్లన్, ఫార్కర్‌తో కలిసి బడికెళ్ళినవాడు. అందరూ నవ్వినా ఫార్కర్ నవ్వేవాడు కాదు.

"పేరు కొనుక్కున్నారు గానీ మర్యాద ఎక్కడ కొనుక్కుంటారు? రేపు మనలో ఎవడు పోయినా సీసా రాదు. కావాలంటే రాసిపెట్టుకోండి" అనేవాడు.

కెర్నిక్‌లో పనిచేసినవాడు పోతే, అతను పనిలో చేరిన సంవత్సరం నింపిన పీపాలోంచి ఒక సీసా శ్మశానానికి వస్తుంది. యజమాని తేకూడదు, తోటి పనివాడే తేవాలి. మూత తీసేముందు ఒకడు "ఎవరు పంపారు?" అని అడుగుతాడు, తెచ్చినవాడు నలుగురికీ వినపడేలా చెబుతాడు. తర్వాత తలా ఒక గుక్క తాగి, ఆఖరి గుక్క సమాధి మీద పోస్తారు. సీసాలో చుక్క మిగిలుండగా గేటు దాటకూడదు.

ఫిబ్రవరిలో లాక్లన్ పోయాడు. పారిస్ వాళ్ళు వచ్చాక పోయిన మొదటి పనివాడు అతనే. అంత్యక్రియల రోజు పొద్దున్నే మేనేజర్ సోలెన్ ఫార్కర్‌ని పిలిపించింది. పారిస్ నుంచి వచ్చిన మనిషి, నలభై ఏళ్ళుంటాయి. గిడ్డంగిలో తానే వెతికి, లాక్లన్ పనిలో చేరిన ఎనభై ఒకటో సంవత్సరం పీపా పట్టుకుని, సీసా నింపించి, చీటీ మీద అతని పేరు చేత్తో రాసి కట్టింది.

"నేను తీసుకురాకూడదట కదా. మీరే తీసుకెళ్ళాలి, ఫార్కర్ గారూ. అందరికీ సరిపోతుందంటారా?"

"సరిపోతుందండి" అన్నాడు.

సీసాని కారు డిక్కీలో దుప్పటి కింద పెట్టుకుని బయల్దేరాడు. ఇచ్చేద్దామనే బయల్దేరాడు, ఆ మాట మాత్రం నమ్మాలి. శ్మశానం గేటు దగ్గర పబ్ మిత్రులంతా నిలబడి ఉన్నారు. కారు దిగీ దిగకముందే ఇవర్ ఎదురొచ్చాడు.

"ఏరా, నువ్వన్నట్టే అయిందా? పారిస్ వాళ్ళ సీసా రాలేదుగా?"

అందరూ అతని మొహంలోకే చూస్తున్నారు.

"ఎక్కణ్ణుంచి వస్తుంది?" అన్నాడు ఫార్కర్.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు. సమాధి దగ్గర లాక్లన్ భార్య ఎల్స్‌పెత్ ఫార్కర్ ఖాళీ చేతుల వంక చూసింది, కోటు జేబుల వంక చూసింది, తల దించుకుంది. "ముప్పై ఎనిమిదేళ్ళు చేశాడు. ఒక్క సీసాకి నోచుకోలేదు" అంది. మగవాళ్ళు పారిస్ వాళ్ళని నానా తిట్లూ తిట్టారు. ఫార్కర్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

రేపు ఇద్దాం, ఎల్లుండి ఇద్దాం అనుకున్నాడు. ఇవ్వాలంటే ఎందుకివ్వలేదో చెప్పాలి. మలుపు తిరిగినప్పుడల్లా డిక్కీలో సీసా తగిలి చప్పుడయ్యేది. దాంతో, ఎప్పుడూ దూసుకుపోయేవాడు కాస్తా కారు మెల్లగా నడపడం మొదలుపెట్టాడు. "వయసొచ్చిందిరా నీకు" అని ఇవర్ ఆటపట్టించాడు. అన్నిటికన్నా దారుణం, వారం తర్వాత దారిలో కనిపించి సోలెన్ "అందరికీ సరిపోయిందా?" అని అడిగితే, ఆమె మొహం చూస్తూనే "సరిపోయిందండి" అనగలిగాడు.

మే నెలలో ఎల్స్‌పెత్ ఇంటి వెనక దడి పడిపోతే బాగుచేయడానికి వెళ్ళాడు. పని అయ్యాక టీ పోస్తూ ఆమె అంది:

"ఆ పారిస్ పిల్లకి ఉత్తరం రాశానయ్యా. నోటికొచ్చిందల్లా రాసేశాను. పరుగెత్తుకుంటూ వచ్చింది. ఇదిగో, నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది."

ఫార్కర్ కప్పు కింద పెట్టాడు. "ఏమంది?"

"ఏమంటుంది! చేతిలో ఉత్తరాన్ని మళ్ళీ మొదట్నుంచీ చదువుకుంది. తర్వాత, తప్పు మాదేనమ్మా, క్షమించండి అంది. ఇంకో సీసా తెస్తానంది. నేనే వద్దన్నా. సమాధి పూడ్చాక అది ఉత్త విస్కీయేగా."

సీసా ఎవరి చేతికిచ్చిందో సోలెన్‌కి తెలుసు. అయినా పేరు చెప్పలేదు. మర్యాద తెలియని మనిషని ఊరంతా చాటింపు వేశాడే, ఆ మనిషే అతని పరువు కాపాడి, ముసలమ్మ తిట్లన్నీ తన నెత్తిన వేసుకుని వెళ్ళిపోయింది. ఫార్కర్‌కి తల కొట్టేసినట్టయింది. లేచి కారు దాకా వెళ్ళి, సీసా తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. జరిగింది చెప్పాడు. దాచకుండా చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఎల్స్‌పెత్ చీటీ మీద మొగుడి పేరు వేలితో తడిమింది.

"నీ మాట నెగ్గడానికా?"

"అవును."

"ఇన్నాళ్ళూ నీ కారులోనే ఉందా?"

"ఉంది."

"నీ కారెక్కాలంటే ఆయనకి చచ్చేంత భయం" అంది. నవ్విందనుకుని తలెత్తాడు. నవ్వలేదు. "రేపు పదింటికి అందర్నీ శ్మశానానికి పిలువు. ఎందుకని అడిగితే చెప్పకు. అక్కడే చెబుదువుగాని."

మర్నాడు పదకొండు మంది వచ్చారు. గడ్డి మొలిచిన సమాధి ముందు ఫార్కర్ సీసా పట్టుకుని నిలబడ్డాడు. అలవాటు ప్రకారం ఇవర్ అడిగాడు:

"ఎవరు పంపారు?"

"పారిస్ వాళ్ళు" అన్నాడు ఫార్కర్. పక్కవాడికి కూడా వినపడలేదు. మళ్ళీ, అందరికీ వినపడేలా అన్నాడు. "పారిస్ వాళ్ళు పంపారు. ఫిబ్రవరిలోనే పంపారు. ఆపింది నేను."

అందరూ ఫార్కర్ మీంచి చూపు తిప్పి సమాధి వంక చూశారు. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. ఎల్స్‌పెత్ వచ్చి సీసా అతని చేతిలోంచి తీసుకుని, మూత తీసి, మొదటి గుక్క తాగి పక్కవాడికిచ్చింది. సీసా వరసగా చేతులు మారుతూ ఇవర్ దాకా వచ్చింది. ఇవర్ తాగి, మూతి తుడుచుకుని, ఫార్కర్‌ని దాటి అవతలివాడికి అందించాడు.

ఫార్కర్ చెయ్యి చాపలేదు.