ఉత్తరం తల

అక్తరున్నీసా కుడి మణికట్టు కొంచెం వంకర. విరిగి అతికింది కాదు. చిత్తూరులో ఒక నర్సింగ్‌హోంలో ఇరవై రెండేళ్లు ఆయాగా ఉండి, రోజుకు ముప్పై నలభై సార్లు మంచాల హ్యాండిళ్లు తిప్పీ తిప్పీ వచ్చిన వంకర. మంచం తిప్పడంలో ఏముంది, ఎవరైనా తిప్పుతారు అంటారు జనం. తిప్పి చూడమనండి! రెండు హ్యాండిళ్లలో ముందు మోకాళ్ల కింది భాగాన్ని నాలుగు చుట్లు లేపాలి, ఆ తర్వాతే వీపును లేపాలి. తెలియనివాళ్లు నేరుగా వీపు లేపేస్తారు, రోగి బియ్యం మూటలాగా జారి కాళ్లవైపు చేరతాడు. అప్పుడు చంకల్లో చేతులు పెట్టి పైకి లాగడానికి ఇద్దరు కావాలి, వాళ్లలో ఒకరికి నడుం పట్టేస్తుంది. పని అయ్యాక హ్యాండిల్‌ను మడిచి లోపలికి తొయ్యాలి. తొయ్యకపోతే వచ్చేపోయేవాళ్ల మోకాటి చిప్ప దానికి తగులుతుంది, తిట్లు మాత్రం ఆయాకు తగులుతాయి.

నర్సింగ్‌హోం మూతపడ్డాక ఆమె ఇళ్లకు వెళ్లి మంచాన పడ్డవాళ్లను చూసుకోవడం మొదలుపెట్టింది. భర్త షఫీవుల్లా పోయి ఎనిమిదేళ్లయింది. యాభై ఎనిమిదేళ్ల వయసులో పొద్దున్నే బస్సెక్కి, సాయంత్రం బస్సులో తిరిగొచ్చే బతుకు. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఆమె పేరు పోయి బీబమ్మ అయింది. దానికి ఆమె ఏమీ అనుకోలేదు.

బంగారుపాళ్యంలో మామిడికాయల మండీ గోవిందస్వామి ఇంటికి కూడా అలాగే వెళ్లింది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. మింగే గొంతు సగం పోయింది. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరు ఒక్క సంగతే మూడుసార్లు చెప్పాడట: తినేటప్పుడు ఈయన్ని నిటారుగా కూర్చోబెట్టాలి, తిన్నాక అరగంట అలాగే ఉంచాలి, పడుకోబెట్టి తినిపిస్తే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మనిషి దక్కడు. కొడుకు మునికుమార్ తలూపాడు. తిరుపతి నుంచి వచ్చిన కూతురు రేవతి తలూపింది. కోడలు లోకేశ్వరి మాత్రం ఒక చీటీ మీద రాసుకుంది.

అందుకే మంచం కొన్నారు. కొన్నది ఎవరు? మునికుమార్, అతని బావ. ఇద్దరూ తిరుపతి వెళ్లి ఒక దుకాణంలో టీ తాగుతూ కొన్నారు. రోజూ దాన్ని తిప్పబోయే లోకేశ్వరిని పిలుచుకుపోవాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. చక్రాలుండేది కావాలా వద్దా అని దుకాణంవాడు అడిగితే వద్దన్నారు, గ్రానైట్ మీద జారిపోతుందని. గది కొలతలు అతను అడగలేదు, వీళ్లు చెప్పలేదు. మంచం విడి భాగాలుగా వచ్చింది, దుకాణం మనిషి గదిలోనే బిగించిపోయాడు. తల ఎటు పెట్టాలి అని మటుకు తప్పకుండా అడిగాడట. దక్షిణానికి అన్నారు.

మర్నాడు అక్తరున్నీసా వచ్చి గది చూసి గడపలోనే నిలబడిపోయింది. గది తొమ్మిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. మంచం ఏడడుగులు. అడ్డంగా పట్టదు. తలుపు దక్షిణం చివర ఉంది కాబట్టి ఆ వైపు రెండడుగులు వదిలి, మంచాన్ని ఉత్తరం గోడకు ఆనించారు. తల దక్షిణానికి, కాళ్లు ఉత్తరానికి. హ్యాండిళ్లు ఉండేది కాళ్లవైపు. బయటికి లాగి తిప్పాలంటే మూరెడు చోటు, తిప్పే మనిషి కూర్చోవడానికి ఇంకో మూరెడు కావాలి. అక్కడ నాలుగు వేళ్ల సందు లేదు. అంత డబ్బు పోసి తెచ్చిన మంచాన్ని మామూలు మంచం చేసి పెట్టారు మహానుభావులు.

తిప్పి పెట్టండి, హ్యాండిళ్లు తలుపువైపు వస్తాయి, రెండడుగుల చోటు ఉంది, హాయిగా తిప్పుకోవచ్చు అని చెప్పింది. మునికుమార్ ఆమె ముఖంలోకి చూశాడు.

"తిప్పితే నాయన తల ఉత్తరానికొస్తాది. బతికుండే మనిషికి ఉత్తరం తల పెడతారా యాడన్నా?"

"మీకు ఇవన్నీ ఉండవు గానీ బీబమ్మా, మాకుండాయి" అంది రేవతి.

ఆ మాట అక్తరున్నీసాకు సూదిలా గుచ్చుకుంది. ఉండవా? షఫీవుల్లా చివరి నలభై రోజులు ఉన్నదీ ఇంత గదిలోనే. కాబా ఉన్న పడమటివైపుకు కాళ్లు రాకూడదని అతని నులక మంచాన్ని తిప్పితే, పొద్దున్నంతా కిటికీలోంచి ఎండ తిన్నగా అతని కళ్లలో పడేది. అయినా ఆమె మంచం మళ్లీ తిప్పలేదు, కిటికీకి చీర కట్టింది. ఆచారం ఎంత బరువో ఆమెకు ఒకరు చెప్పాలా?

"మాకూ ఉండాయమ్మా దిక్కులు" అంది నెమ్మదిగా. "కంట్లో ఎండ పడితే చీర అడ్డం కట్టినాను. గొంతుకు ఏం అడ్డం కట్టేది?"

మంచం హాల్లో వేద్దామంది. కాయల సీజన్, పల్ప్ ఫ్యాక్టరీవాళ్లు, రైతులు వచ్చి కూర్చునేది అక్కడే, కుదరదన్నారు. పోనీ పూటపూటకూ మంచాన్ని తలుపువైపుకు లాగి, ఆయన తిన్నాక మళ్లీ నెట్టండి అంది. మునికుమార్, మండీలో పనిచేసే మనిషి కలిసి రెండు రోజులు లాగారు. మూడోరోజు గ్రానైట్ మీద నల్లటి గీతలు కనబడ్డాయి. ఆ గీతల్ని మునికుమార్ వంగి వేలితో రుద్ది చూశాడు. తండ్రి దగ్గు విన్నప్పుడు కూడా అంత వంగలేదు ఆ మనిషి. ఆ రోజుతో లాగడం బంద్.

ఇక మిగిలింది దిండ్లు. మూడు దిండ్లు ఎత్తుపెట్టి ఆనిస్తే గోవిందస్వామి కుడివైపుకు ఒరిగిపోయేవాడు, గడ్డం గుండెలకు అతుక్కునేది. రెండు చెంచాల జావ పోస్తే మూడోదానికి దగ్గు. కళ్లు ఎర్రబడి, నీళ్లు కారి, ఎడమ చేత్తో చెంచాను తోసేసేవాడు. ఆకలి మాత్రం పోలేదు. పక్కింట్లో పోపు వేస్తే తల తిప్పి చూసేవాడు. చివరికి అక్తరున్నీసా నర్సింగ్‌హోంలో చేసినట్టే చేసింది. మంచమెక్కి ఆయన వెనక కూర్చుని, వీపును తన గుండెకు ఆనించి పట్టుకుంటే, లోకేశ్వరి ముందు నుంచి తినిపించింది. నడుం విరిగిపోయినంత పనయింది గానీ గిన్నె ఖాళీ అయింది. నాలుగోరోజు మునికుమార్ చూసి ముఖం మాడ్చుకున్నాడు. ఇదేం పద్ధతి, వచ్చేపోయేవాళ్లు చూస్తే ఏమనుకుంటారు అని భార్యను లోపలికి పిలిచి కసిరాడు. అదీ ఆగిపోయింది.

నెల తిరిగేసరికి మనిషి సగమయ్యాడు. అక్తరున్నీసా ఇంట్లో అందరికీ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. అందరూ విన్నారు. నిమ్మకు నీరెత్తినట్టు విన్నారు.

ఒక బుధవారం మునికుమార్, రేవతి, పిల్లలు కాణిపాకం వెళ్లారు, తండ్రి కోసం మొక్కుకుని రావడానికి. కారు మలుపు తిరిగిందో లేదో లోకేశ్వరి వచ్చి గడపలో నిలబడింది.

"బీబమ్మా, ఈ పొద్దు ఎవరూ ల్యారు. తిప్పేద్దామా?"

అక్తరున్నీసా ఆ పిల్ల ముఖం చూసింది. ముప్పై ఐదేళ్లుంటాయి. ఆ ఇంట్లో గొంతు పెంచి మాట్లాడగా ఒక్కసారీ వినలేదు. తర్వాత ఏమవుతుందో ఆలోచించావా అని అడిగింది. "నేను చెప్పుకుంటాలే" అంది లోకేశ్వరి.

పెద్దాయనను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, జారకుండా తువ్వాలుతో కట్టారు. తలవైపు పలక, కాళ్లవైపు పలక ఊడదీశారు. ఇనుప చట్రాన్ని పక్కకు నిలబెట్టి, కింద పాత దుప్పటి వేసి హాల్లోకి ఈడ్చి, తిప్పి లోపలికి తెచ్చారు. గంటన్నర పట్టింది. ఇద్దరి చేతులూ దోక్కుపోయాయి. గ్రానైట్ మీద ఒక్క గీత పడలేదు.

అప్పుడు అక్తరున్నీసా కాళ్లవైపు గొంతుక్కూర్చుని హ్యాండిల్ బయటికి లాగింది. మోకాళ్ల కింద నాలుగు చుట్లు. ఆ తర్వాత వీపు. గోవిందస్వామి మెల్లగా లేచాడు. కిటికీ ఆయన కళ్ల ఎత్తుకు వచ్చింది. హైవే మీద కాయల లారీలు పోతున్నాయి. ఎడమ చెయ్యి ఎత్తి లెక్కపెట్టసాగాడు. లోకేశ్వరి ఇడ్లీలు మెత్తగా చిదిపి ప్లేటు ముందు పెడితే ఆయన తన చేత్తోనే తిన్నాడు. రెండు ఇడ్లీలు. ఒక్క దగ్గు రాలేదు. తిని, ఖాళీ ప్లేటును కోడలివైపు తోశాడు, ఇంకోటి పెట్టమని. లోకేశ్వరి ఏడుస్తూనే మూడోది తేవడానికి వంటింట్లోకి పరిగెత్తింది. అక్తరున్నీసాకు ఇరవై రెండేళ్ల నర్సింగ్‌హోం ఉద్యోగంలో రాని సంతోషం వచ్చింది.

సాయంత్రం కారు దిగి ముందుగా గదిలోకి వచ్చింది రేవతి. తండ్రి కూర్చుని ఉండడం ఆమె చూడలేదు. ఉత్తరాన ఉన్న తలను చూసింది. ఆమె కేకకు మునికుమార్ పరిగెత్తుకొచ్చాడు.

"ఎవురు తిప్పింది?"

లోకేశ్వరి నేల చూసింది. అక్తరున్నీసా ఆగింది. ఒక ఊపిరి తీసి వదిలేంతసేపు ఆగింది. ఆ పిల్ల నోరు విప్పలేదు.

"నేనే తిప్పినాను" అంది అక్తరున్నీసా. ఈ ఇంట్లో కాపురం చెయ్యాల్సింది ఆ పిల్ల గదా అనుకుంది. కోపాలు తగ్గాక చెబుతుందిలే, మూడు ఇడ్లీల సంగతైనా చెబుతుంది అనుకుంది.

మంచాన్ని అప్పటికప్పుడు తిప్పించేశారు. తినేటప్పుడు కూర్చోబెట్టండి అని ఆమె చెబుతుంటే, ఇక నువ్వు బస్సుకు పో అన్నారు. వెళ్లింది. ఆ రాత్రి రేవతి తండ్రి పక్కన కూర్చుని, తల కింద రెండు దిండ్లు పెట్టి, ప్రేమగా పెరుగన్నం తినిపించిందట. ఆయన దగ్గాడట. అయినా ఊరుకోక ఇంకో ముద్ద పెట్టిందట, పాపం, నాయన చిక్కిపోయాడని. తెల్లారేసరికి జ్వరం. గొంతులో గురగుర. నాలుగోరోజు ఆస్పత్రిలో పోయాడు. అన్నం మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము చేరిందని డాక్టరు చెప్పాడు. ఆ మాట ఇంటిదాకా రాలేదు. ఇంటిదాకా వచ్చిన మాట వేరే.

అక్తరున్నీసా చివరి చూపుకు వెళ్లింది. షామియానా కింద ఊరంతా కూర్చుని ఉంది. మునికుమార్ ఆమెను చూసి లేచాడు. గట్టిగా కూడా అరవలేదు.

"ఒక్క పూట ఉత్తరం తల పెట్టినందుకు మా నాయన పోయినాడు. సూసి పోదామని వచ్చినావా?"

ఆమె లోకేశ్వరివైపు చూసింది. నాలుగైదు అడుగుల దూరంలో ఉంది ఆ పిల్ల. చీటీ మీద డాక్టరు మాట రాసుకున్న పిల్ల, ఆయన ఆఖరిసారి కడుపునిండా తింటుంటే చూసి ఏడ్చిన పిల్ల. కొంగు సర్దుకుని పక్కకు తిరిగింది. మునికుమార్ అన్న మాటను అక్తరున్నీసా బస్సెక్కేలోపే మరిచిపోయింది. ఆ కొంగు సర్దుకోవడం ఇప్పటికీ మరవలేదు.

మాట ఊళ్లు తిరిగింది. ఉత్తరం తల పెట్టే బీబమ్మ అట, పెట్టిన నాలుగోరోజుకి మనిషి పోయినాడట. చిత్తూరులో రెండిళ్లు రమ్మని పిలిచి, మళ్లీ వద్దన్నాయి. ఒకాయన ఫోనులోనే అడిగాడు, అది నువ్వేనా అని. ఆరు నెలలు పని లేదు. ఆ ఆరు నెలలూ ఎలా గడిచాయో ఆమె ఎవరికీ చెప్పలేదు, అడిగినవాళ్లూ లేరు.

చివరికి దూరమైనా సరేనని తిరుచానూరుకు ఒప్పుకుంది. ఆమె సంగతి తెలియనివాళ్లు. జ్ఞానాంబ అని, అమ్మవారి గుడి దగ్గర పూలమ్మిన ముసలామె. ఆమెకూ పక్షవాతమే, ఆమెకూ గొంతు సగమే. కోడలు పవిత్ర ముందు నడిచి గది చూపించింది. కొత్త మంచం, రెండు హ్యాండిళ్లది. చక్రాలు లేవు. తల దక్షిణానికి. కాళ్లు ఉత్తరం గోడకు. ముసలామె కళ్లు తెరిచి కొత్త మనిషిని చూసి ఎడమ చెయ్యి ఎత్తింది.

"దుకాణంలో మాకేమీ తెలీలేదు బీబమ్మా" అంది పవిత్ర. "ఇన్నేళ్లు చేసినదానివి, నీకు తెలుసు గదా. అంతా సరిగ్గానే ఉండాదా? ఏమన్నా మార్చాల్నంటే చెప్పు, మార్చేద్దాం."

అక్తరున్నీసా గోడను చూసింది. పవిత్రను చూసింది. అదే వయసు, అదే మెత్తటి గొంతు. ఈమె నిజంగానే అడుగుతోందని తెలుస్తూనే ఉంది. నోరు తెరిచింది కూడా.

"అంతా బాగుండాదమ్మా" అంది. "ఇంకో రెండు దిండ్లుంటే తీసకరా."