బెరిల్ ఎడమ కాలు

నలభై ఏళ్లుగా ఇంగ్లండ్‌లోని మా గ్రిమ్స్‌బీ చేపల ఫ్యాక్టరీలో ముళ్లు తీస్తున్న బెరిల్ చేతులకు ఏ రోగమూ లేదు. బెంగంతా ఎడమ కాలి గురించే. రక్తం అందక వేళ్లు నల్లబడుతున్నాయి. సర్జన్ మొహమాటం లేకుండా చెప్పేశాడు. మూడు వారాల్లో సిగరెట్ మానాలి. ఊపిరిలో సిగరెట్ పొగ తాలూకు విషవాయువు ఎంతుందో చూడ్డానికి నర్సు ఇచ్చే గొట్టంలో ఊదితే అంకె పది లోపు రావాలి. రాకపోతే రక్తనాళం బాగుచేసినా మళ్లీ మూసుకుపోతుంది, ఇక కాలు తీసేయడమే.

ఆ రోజు ఊదితే వచ్చింది ఇరవై ఏడు.

బెరిల్ ఆస్పత్రి నుంచి నేరుగా, సిగరెట్‌కు బదులు నికోటిన్ ఆవిరి పీల్చే పరికరాలమ్మే వేప్ షాపుకు వెళ్లింది. గోడ నిండా మిఠాయి రంగుల సీసాలు. కౌంటర్ దగ్గరున్న అతను అరచేయంత పరికరం తీసి, "దట్టంగా పొగొస్తుందమ్మా, అందరూ ఇదే కొంటున్నారు" అన్నాడు. "నికోటిన్ ఎంతది కావాలి? మూడు మిల్లీగ్రాముల నుంచి ఇరవై దాకా ఉంది."

"అన్నిటికన్నా తక్కువది ఇవ్వు నాయనా. మానడానికే కదా వచ్చాను."

రోజుకు ఐదు కాలుస్తావా, పాతిక కాలుస్తావా అని అతను అడగలేదు. అడగాలని అతనికెవరూ నేర్పలేదు. మా పేటలో సిగరెట్ మాన్పించే క్లినిక్ ఒకటుండేది. దాన్ని మూసేసి తలుపు మీద ఫోన్ నంబరు అంటించారు. ఎత్తే దిక్కు లేదు. ఇక బెరిల్‌కు తెలిసిన చదువల్లా, 'లైట్' సిగరెట్ ఒంటికి మంచిదని అమ్మినవాళ్లు ముప్పై ఏళ్లు నూరిపోసిందే. అందుకే తక్కువదైతే మేలనుకుంది.

ఆ మూడుతో ఆవిడ ఆకలి తీరలేదు. నోటి నిండా ఆవిరి, దగ్గు, వణుకు. కాలు నొప్పితో మడమ మీదే నిలబడి పనిచేసేది. సెలవు పెడితే ఇల్లు గడవదు.

మా ఫ్యాక్టరీలో ఒక అలవాటుంది. విరామంలో అందరి చేతులకూ చేప జిగురే కాబట్టి, ముందు గ్లవ్స్ విప్పినవాళ్లు రెండు సిగరెట్లు వెలిగించి ఒకటి పక్కవాళ్ల నోట్లో పెడతారు. బెరిల్ నోట్లో పెట్టేది ఎప్పుడూ ఆవిడ పక్కనే పనిచేసే పాట్.

"ఏమే, రైలింజనులా పొగ వదులుతున్నావు, మొహం చూస్తే దెయ్యం పట్టినట్టుంది. ఒక్క దమ్ము లాగవే" అంది పాట్. బెరిల్ పెదాలు వాటంతటవే తెరుచుకున్నాయి. ఆ ఒక్కటీ రోజుకు పదైంది.

రెండు వారాల తర్వాత ఊదితే ఇరవై రెండు. పైగా రెండు వేళ్లు ఇక బతకవన్నారు.

ఏం కొన్నారో చూపించమని నర్సు గ్రేస్లిన్ సీసా అందుకుని చదివింది. "పాతిక కాల్చే మనిషికి మూడేం సరిపోతుందమ్మా? ఆకలి తీరకే కదా మళ్లీ వెలిగించారు! చిన్నది కొనండి, సిగరెట్‌లా బిగువుగా లాగేది. ఇరవైది."

"ఇరవయ్యా! విషం కాదూ?"

"ఇన్నాళ్లూ లాగింది పాలా మరి? నికోటిన్ సంగతి తర్వాత మెల్లగా తేల్చుకుందాం. ముందు నిప్పు ఆగాలి, ఆ అంకె పెంచేది కాలే పొగాకే."

బెరిల్ అక్కడే కూలబడి ఏడ్చింది. "ఈ ముక్క మొదటిరోజే ఎవరైనా చెప్పి ఉంటే నా వేళ్లు..."

మర్నాడు విరామంలో పాట్ అలవాటు కొద్దీ వెలిగించిన సిగరెట్ తెచ్చింది. బెరిల్ నోరు బిగించి మొహం తిప్పుకుంది.

"పెట్టకే పాట్. నా కాలు పోతుందే. జేబులో ఉంది, అది తియ్యి."

పాట్ తీసి చూసింది. "ఇదా? లిప్‌స్టిక్ అంత లేదు!"

"వాగకుండా నోట్లో పెట్టు."

పాట్ పెట్టింది. బెరిల్ లాగింది. గొంతు దగ్గర సిగరెట్ లాగినప్పటి పాత పట్టు తగిలింది. రెండు వారాల్లో మొదటిసారి బిగుసుకున్న ఆవిడ భుజాలు సడలాయి. పాట్ తన సిగరెట్ పట్టుకుని, గాలి ఇటు రాని వైపుకు దూరంగా వెళ్లి నిలబడింది. ఆ వారమంతా విరామంలో అక్కడే నిలబడింది.

గడువు రోజు గొట్టంలో ఊదేముందు బెరిల్ కళ్లు మూసుకుంది. ఏడు వచ్చింది.

నాళం బాగుచేశారు. కాలు దక్కింది. బతకని రెండు వేళ్లూ తీసేశారు. షాపు గోడ మీద మిఠాయి రంగులు అలాగే ఉన్నాయి. రోజుకు ఎన్ని కాలుస్తారని కౌంటర్ దగ్గర ఇప్పటికీ ఎవరూ అడగడం లేదు.