నేను దించేసిన ఫోల్డర్

దెయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. నా తెలివిని నమ్మాను. ఈ వ్యవహారంలో జరిగిన మూర్ఖత్వమంతా దానిదే, అంటే నాదే.

బర్మాలో, పజుండౌంగ్ అనే పేటలో, ఒక సరుకు రవాణా కంపెనీలో సర్వర్ చూసుకునేవాణ్ణి. నా పక్క కుర్చీ కో జోది. సైనిక పాలన వద్దని జనం వీధుల్లోకి వచ్చిన ఆ ఏడాది, ఊరేగింపులోంచి అతన్ని సైనికులు పట్టుకుపోయారు. ఎక్కడ పెట్టారో ఎవరూ చెప్పలేదు. అతని పేరు ఆఫీసులో వినపడకూడదని మేనేజర్ హుకుం. ఆయన ఇచ్చిన అతని కంప్యూటర్‌ను నేనే బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ వారమే ఊళ్ళో ఇంటర్నెట్ కూడా పోయింది.

తాళం వేసిన మర్నాడు ఉదయం మా సర్వర్ మీద కో జో ఫోల్డర్ కనిపించింది. వేరే కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను నెట్‌వర్క్ మీదుగా తెచ్చి సర్వర్‌కు తగిలించడాన్ని మౌంట్ అంటాం. అది ఏ చిరునామా నుంచి వచ్చిందా అని చూశాను. బీరువాలో ఉన్న కంప్యూటర్‌ది.

తెరిస్తే ఊరేగింపు ఫోటోలు, వాటి మధ్య అతనివి, అతని ఇంటివి. సైనికులు తనిఖీకి వస్తే నా పని అంతే. భయపడి ఆ మౌంట్‌ను దించేశాను, అంటే సర్వర్ నుంచి విడదీశాను. మర్నాడు మళ్ళీ ఉంది. తనంతట తాను మౌంటయ్యే సెట్టింగులన్నీ వెతికాను, అతని పేరు లేదు. ఆ చిరునామాను మరో యంత్రం వాడుతోందేమోనని ఒక్కొక్క వైరూ పీకి చూశాను. లేదు. బీరువాలో కంప్యూటర్ మీది దుమ్ము కూడా చెదరలేదు.

పంతొమ్మిది ఉదయాలు అది ఎక్కడం, నేను దించడం. దెయ్యాన్ని దించేవాణ్ణి భూతవైద్యుడంటారు, మౌంట్‌ను దించేవాణ్ణి సిస్టమ్ అడ్మిన్ అంటారు.

ఇంట్లో చెబితే అమ్మ తేలిగ్గా తీసిపారేసింది. "ఏట్రా, ఎక్కినదాన్ని ఊరికే దిగమంటే దిగుద్దా? కాయ కొట్టు."

యంత్రాలకు కొబ్బరికాయ కొట్టడం మనవాళ్ళకు అలవాటే. కానీ ఆరోజు బజారు మూసేశారు. సర్వర్ పైన కో జో ఎర్రగుడ్డ చుట్టి కట్టిన కాయ ఒకటుంది. బర్మా వాళ్ళు కాపలా దేవతకని అలా కడతారు, దాన్ని పగలనివ్వరు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే కొట్టాను.

మర్నాడు ఫోల్డర్ రాలేదు.

ఆ మధ్యాహ్నం అతని తల్లి ఖిన్, ఊరికి అటు చివరనున్న చిమిండైంగ్ పేట నుంచి నడిచి వచ్చింది. దారిలో ఫోన్లు తనిఖీ చేస్తారని కొడుకు ఫోటోలన్నీ చెరిపేసుకుందట. జైలు గేటు దగ్గర చూపించి అడగడానికి ముఖం కనిపించే ఫోటో ఒక్కటి కావాలంది. సర్వర్ పక్కన చిప్పలు చూసి, "వాడి కాయ కొట్టేశావా, బాబూ?" అని బర్మీస్‌లో మెల్లగా అడిగింది. నేను తల దించుకున్నాను.

బీరువాలోంచి కంప్యూటర్ తీసి విప్పాను. డిస్క్ ఉండాల్సిన చోటు ఖాళీ. నా చేతికి ఇవ్వకముందే దాన్ని పీకించి కాల్పించేశానని మేనేజర్ చెప్పాడు. మరి ఆ పంతొమ్మిది రోజులూ నేను చూసిన ఫోటోలు ఎక్కడివి? ఇవాళ్టికీ తెలియదు. ఒక్కటి కాపీ చేసి ఉంటే ఆమె వట్టి చేతులతో వెళ్ళేది కాదని మాత్రం తెలుసు. నాకు దించడమే తెలిసింది, దాచడం తెలియలేదు.

పాస్‌వర్డ్‌లు మార్చే పని నాదే. మేనేజర్‌కు కొత్తది ఇచ్చాను, కో జో పూర్తి పేరు. మొదటి రోజు ఆయన రెండుసార్లు తప్పు కొట్టాడు.

"పైకి చదువుతూ కొట్టండి సార్, తప్పు పోదు" అన్నాను.

అందరూ వింటుండగా చదివాడు.