ప్రార్థనతో ముగించిన మీటింగు

ఈ దీవుల్లో, బతు బస్తీలో ఉన్న మా తెలుగు చర్చికి నేను పదకొండేళ్ళు సెక్రటరీగా ఉన్నాను. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా చేతులెత్తించి లెక్కపెట్టలేదని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకునేవాణ్ణి. ఏ విషయమైనా మాది ఒకటే మాట. ఆ ఒకటే మాట ఎలా వచ్చేదో చెప్పాలంటే ఇప్పటికీ తల వంగిపోతుంది.

ఎవరైనా గొంతు సవరించుకుంటే చాలు, "ప్రార్థన చేసుకుందాం" అనేవాణ్ణి. "ప్రభువా, మేమంతా ఏకమనసుతో చేసిన ఈ తీర్మానాన్ని దీవించు" అని ముగించేవాణ్ణి. దేవుడికి అప్పజెప్పేశాక కాదనే మొనగాడెవడు? అందరూ ఆమెన్ అనేవారు. నేను మినిట్స్ పుస్తకంలో 'ఏకగ్రీవం' అని రాసేవాణ్ణి.

చర్చి వెనక ఒక గది ఉండేది. కాపలాదారు పోయాక అతని భార్య అందులోనే ఉంటూ, చర్చి ఊడ్చి, గంట కొట్టేది. ఆ గది సండే స్కూలుకు కావాలన్నారు కమిటీవాళ్ళు. అబద్ధమెందుకు, ముందు అన్నది నేనే. ఆమెను ఓ మాట అడగాలని నాకు తోచింది, అయినా ఊరుకున్నాను. మీటింగు నాడు ఆమే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"సెక్రటరీ భయ్యా, నాదొక మాటుంది."

"ముందు ప్రార్థన చేసుకుందామమ్మా" అన్నాను.

ఆమె కొంగు తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. నేను ఎప్పటిలాగే ముగించాను. అందరితో పాటు ఆమె కూడా ఆమెన్ అంది. గబగబా 'ఏకగ్రీవం' రాసి పుస్తకం మూసేశాను.

వారం తిరక్కుండానే, జోరువానలో, మాయాబందర్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి బయల్దేరింది. మనసు ఊరుకోక ఓడలాగే జెట్టీకి వెళ్ళాను. ఓ ట్రంకు పెట్టె పక్కన తడుస్తూ నిలబడి ఉంది.

"ఆ రోజు ఏం చెబుదామనుకున్నావమ్మా?"

"కుచ్ నహీ భయ్యా, ఏం లేదు. పిల్లలకి కావాలంటే గది ఇయ్యనా? వానలెల్లేదాకా ఉండనీండని అడుగుదామనుకున్నాను. మీరు కాదంటే అప్పుడే ఎల్లిపోదును. అడిగానన్న తృప్తి ఉండేది."

సిగ్గు ముంచుకొచ్చినప్పుడు నాకు కోపం వస్తుంది, వెధవ బుద్ధి. "మరి ఆమెన్ ఎందుకన్నావు?" అని గద్దించాను.

ఆమె నావైపు వింతగా చూసింది.

"ప్రార్థన కదా భయ్యా. అనకుండా ఎలాగుంటాం?"

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఎత్తిపొడిచినా బాగుండేది.